చెవిలో గింజా, చెవిలో పువ్వా?

సిగరెట్ మానాలనుకునేవాడికి పాతబస్తీలో సలహాలకు కొదవలేదు. ఒకరు లవంగం బుగ్గన పెట్టుకోమంటారు. ఒకరు సోంపు నమలమంటారు. ఇంకొకరు "హిజామా చేయించుకో భాయ్, ఒంట్లో విషమంతా పోతుంది" అంటారు. ఈ వరసలోనే చెవి నొక్కుడు ఒకటి. చెవి దొప్పలో నాలుగైదు చోట్ల ఆవగింజంత గింజలు పెట్టి, కదలకుండా పైన టేపు అంటిస్తారు. పొగ మీదికి మనసు పోయినప్పుడల్లా వాటిని వేళ్లతో నొక్కుకోవాలి. సూది లేదు, మాత్ర లేదు, కషాయం లేదు.

ఈ మాట వినగానే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది చెవిలో పువ్వు. నాకూ అదే గుర్తొచ్చింది. తర్వాత కాస్త చదివాను, నా చెవికీ అంటించుకుని చూశాను. పువ్వు ఉన్న మాట నిజమే, కానీ అంతా పువ్వే కాదు. ఎంతవరకు పువ్వు, ఎంతవరకు పని అన్నది విడదీసి చూడాలి.

హైదరాబాద్‌కూ సిగరెట్టుకూ చుట్టరికం పాతదే. వజీర్ సుల్తాన్ అనే ఆయన 1916లో ఇక్కడ పొగాకు కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ సిగరెట్ పెట్టె మీద 1591 నాటి చార్మినార్ బొమ్మే ఉండేది, సిగరెట్ పేరూ చార్మినారే. ఫిల్టర్ లేని ఆ ఘాటు సరుకు దేశమంతా తిరిగింది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా కలకత్తాలో కూర్చుని కాల్చేది చార్మినారే. కట్టడాన్ని కళ్లతో చూడనివాళ్లు కూడా దాని పేరును ఊపిరితిత్తుల్లోకి పీల్చారు.

2008 అక్టోబర్ 2న బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం వచ్చింది, 200 రూపాయల జరిమానాతో. దాంతో సిగరెట్ ఇరానీ హోటల్ బల్ల మీంచి లేచి గుమ్మం దాటింది. ఎక్కువ దూరమేమీ పోలేదు. పక్కనే పాన్ డబ్బా, డబ్బాకు వేలాడే తాడు, తాడు కొసన ఆరకుండా రగిలే నిప్పు. ఒక చేతిలో పౌనా చాయ్, రెండో చేతిలో లూజు సిగరెట్. పాతబస్తీలో ఈ రెంటినీ విడదీయడం మొగుడూ పెళ్లాల్ని విడదీసినంత గొడవ. ఈ జంట సంగతి గుర్తుపెట్టుకోండి, చెవి నొక్కుడు పనిచేసేదీ చేయనిదీ తేలేది ఇక్కడే.

దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి 'హమ్మయ్య' అనిపిస్తుంది. రెండు గంటలు తిరిగేసరికి రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. అప్పుడు మెదడు మళ్లీ అడుగుతుంది. ఆ అడగడానికి పాతబస్తీలో చక్కటి మాట ఉంది, తలబ్. "తలబ్ లగీ హై" అంటే వైద్యుడికీ పాన్ డబ్బా అతనికీ ఒకేలా అర్థమవుతుంది. తలబ్ మన ఇంట్లో ఉండిపోవడానికి వచ్చిన చుట్టం కాదు, వాకిట్లో నిలబడి తలుపు కొట్టే అప్పులవాడు. మూడు నుంచి ఐదు నిమిషాలు కొడతాడు, మహా అయితే పది. తలుపు తీయకపోతే వెళ్లిపోతాడు. మళ్లీ వస్తాడు, అది వేరే సంగతి. మానేసిన మొదటి రెండు మూడు రోజులు అతని తాకిడి ఎక్కువ. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి.

ఇక చెవి దగ్గరికి వద్దాం. చెవి నొక్కుడు చైనావాళ్ల వేల ఏళ్ల విద్య అని చెప్పేవాళ్లు ఎక్కువ. అక్కడి పాత వైద్య గ్రంథాల్లో చెవి ప్రస్తావన ఉన్న మాట వాస్తవమే. కానీ గోడకు తగిలించి చూపించే ఇప్పటి చెవి పటం పుట్టింది ఫ్రాన్స్‌లో, 1950లలో. లియాన్ నగరంలో పాల్ నోజియే అనే డాక్టరు దగ్గరికి వచ్చిన కొందరు రోగుల చెవి మీద, ఒకే చోట, చిన్న కాలిన మచ్చ కనిపించింది. ఏమిటని అడిగితే, నడుం నుంచి కాలిదాకా లాగే సయాటికా నొప్పికి మార్సెయ్‌లో ఒక నాటువైద్యురాలు అక్కడ వాత పెట్టిందని చెప్పారు. నొప్పి తగ్గిందని కూడా అన్నారు. మన పల్లెల్లో పచ్చకామెర్లకు చేతి మీద వాత పెట్టించుకున్నవాళ్లను చూసిన మనకు ఇది వింత కాదు. నోజియే మాత్రం దాన్ని పట్టుకుని వదల్లేదు. చెవిని తలకిందులుగా పడుకున్న గర్భస్థ శిశువుగా ఊహించాడు. తమ్మె తల, లోపలి మడత వెన్నెముక, మధ్య గుంట గుండె, ఊపిరితిత్తులు, పొట్ట. ఈ పటం 1958 ప్రాంతంలో చైనాకు చేరింది. వాళ్లు దానికి తమ మెరుగులు దిద్దుకున్నారు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెవి బిందువుల పేర్లు ఒక కొలిక్కి తేవడానికి సమావేశం పెట్టింది కూడా ఆ లియాన్‌లోనే.

మత్తుపదార్థాలతో చెవికి ముడి పడింది హాంకాంగ్‌లో, అదీ అనుకోకుండా. 1972లో వెన్ అనే న్యూరోసర్జన్ ఆపరేషన్ నొప్పి తెలియకుండా సూదులకు కరెంటు కలిపి పరీక్షిస్తున్నాడు. నల్లమందు అలవాటున్న ఒక రోగి, సూదులు పెట్టాక నల్లమందు మీది ఆరాటం తగ్గిందన్నాడు. మరుసటేడు వెన్ 40 మంది మీద చూసిన ఫలితాలు ప్రచురించాడు. అది న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌కు, లింకన్ ఆస్పత్రికి పాకింది. అక్కడి డాక్టర్ మైకేల్ స్మిత్ బృందం చెవిలో ఐదు చోట్ల సూదులు గుచ్చే పద్ధతిని స్థిరపరచి, 1985లో దానికోసం ఒక సంఘమే పెట్టింది. నల్లమందుకూ హెరాయిన్‌కూ పుట్టిన పద్ధతి సిగరెట్టుకు దిగింది. సూది స్థానంలో గింజ వచ్చింది. చైనాలో వాడేది వాకారియా అనే మొక్క గింజ, నల్లగా గుండ్రంగా రెండు మిల్లీమీటర్లుంటుంది. మన దగ్గర వేళ్లకు మెంతులు, పెసలు అంటించే సుజోక్ వాళ్లు చాలామందికి తెలుసు. దీనిదీ ఆ పోలికే, వంశం మాత్రం వేరు.

వంశం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, నిజాం కట్టించిన భవనంలో ప్రభుత్వ నిజామియా యునానీ ఆస్పత్రి ఉంది. అక్కడి వైద్యం యునానీ. హిజామా, అంటే కప్పులు పెట్టి రక్తం లాగడం, దానికి చెందినది. చెవి గింజలు యునానీ కాదు, ఆయుర్వేదమూ కాదు, ఆక్యుపంక్చర్ వైపువి. ప్రకృతి వైద్యం చదివే బీఎన్‌వైఎస్ కోర్సులో ఆక్యుపంక్చర్ పాఠం ఉంటుంది. అంతకుముందే ఈ విద్యను దేశానికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు కలకత్తా డాక్టర్ బి.కె. బసు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లిన వైద్య బృందంలో ఆయనా ఒకరు. ఇదంతా ఎందుకంటే, ఒకే బోర్డు మీద హిజామా, ఆక్యుప్రెషర్, మాగ్నెట్ థెరపీ అన్నీ రాసి ఉన్నచోట, దేనికి రుజువుందో దేనికి లేదో మన తలలో కలగాపులగమైపోతుంది. చెవులు కుట్టించడం, వినాయకుడి ముందు గుంజీలు, బడిలో మాస్టారు చెవి మెలేయడం, వీటన్నిటి వెనకా ఆక్యుప్రెషర్ రహస్యముందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మెలేస్తే మెదడు వికసించే మాటైతే నాలుగో తరగతిలోనే నేను ఐఐటీకి సరిపోయేవాణ్ణి.

చెవిలో అసలేమీ లేదా అంటే ఉంది. మెదడు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పొట్టదాకా దిగే వేగస్ నరం తాలూకు ఒక చిన్న కొమ్మ చెవి గుంట చర్మానికి వస్తుంది. శరీరం మీద ఆ నరం చర్మానికి చేరే చోటు అదొక్కటే. చెవిలో గులిమి తీయించుకుంటుంటే కొందరికి ఉన్నట్టుండి దగ్గు తన్నుకొస్తుంది, గమనించారా? అది ఈ కొమ్మ పనే. దాన్ని తట్టి లేపితే శరీరం కొంచెం నెమ్మదిస్తుందన్న ఊహకు ఆధారముంది. కానీ ఇక్కడ నొక్కితే ఊపిరితిత్తులు, అక్కడ నొక్కితే కాలేయం అన్న పటానికి శరీర నిర్మాణంలో అలాంటి ఆధారం కనబడదు.

ఊహ సంగతి సరే, మానారా లేదా అన్నది లెక్క. ఇక్కడ ఓపిక పట్టాలి. సిగరెట్ మానాలనుకున్న 100 మందిని ఏ సాయమూ లేకుండా వదిలేసినా, ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత చూస్తే ముగ్గురు నుంచి ఐదుగురు మానేసి ఉంటారు. అందుకని "మా దగ్గర ఫలానా ఆయన మానేశాడు" అన్నది రుజువు కాదు. ఆ ఐదుగురిలో అతనూ ఒకడు కావచ్చు. పైగా డబ్బు కట్టి, చెవి చూపించి, నలుగురికి చెప్పుకున్నవాడికి పట్టుదల ఎలాగూ ఎక్కువ. అందుకే పరిశోధకులు రెండు జట్లు కడతారు. ఒక జట్టుకు పటంలో చెప్పినచోట గింజలు పెడతారు. రెండో జట్టుకు సంబంధం లేనిచోట, ఉత్తుత్తి గింజలు. ఎవరిది ఏ జట్టో పాల్గొన్నవాళ్లకు తెలియదు. నొక్కడం ఇద్దరూ నొక్కుతారు.

మెల్‌బోర్న్‌లో 2013లో వెలువడిన పరీక్ష ఇలాంటిదే. 43 మంది పొగతాగేవాళ్లు, వారానికోసారి చొప్పున 8 వారాలు, ఒక చెవికి ఐదు గింజలు, రోజుకు కనీసం మూడుసార్లు నొక్కాలి. మానేశామని నోటిమాటగా చెబితే కుదరదు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో ఊది చూపించాలి. మూడు నెలల తర్వాత చూస్తే మానడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 43 అన్నది చిన్న సంఖ్యే, దానితో తీర్పు చెప్పలేం. అందుకే అలాంటివన్నీ పోగుచేసి, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ బృందం 2014లో 38 అధ్యయనాలను జల్లెడ పట్టింది. సూదైనా, నొక్కుడైనా, లేజరైనా మొదటి వారాల్లో కొంత మేలు చేస్తుండవచ్చు, ఆరు నెలలు దాటి నిలిచే ప్రయోజనానికి నమ్మదగిన రుజువు లేదని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో పొగాకు మాన్పించే చికిత్సలపై తన మొదటి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా, సంప్రదాయ, ప్రత్యామ్నాయ పద్ధతుల గురించి అవుననడానికీ కాదనడానికీ చాలినంత ఆధారం లేదంది.

కాబట్టి "నూటికి 90 మంది మానేశారు" అని ఎవరైనా అంటే అడగాల్సింది ఒకటే. ఏ రోజున లెక్కపెట్టారు? వారం తర్వాతా, ఆరు నెలల తర్వాతా? వారం లెక్కకు అత్తరు పూసి అమ్మడం తేలిక.

అయితే ఆ పరీక్షల్లో నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. మెల్‌బోర్న్‌లో మానినప్పటి బాధల విషయంలో కూడా, సరైనచోట గింజ పెట్టుకున్న జట్టుకూ తప్పుచోట పెట్టుకున్న జట్టుకూ తేడా రాలేదు. చోటు ముఖ్యం కాకపోతే మరి పనిచేసేదేమిటి?

మూడోసారి మానినప్పుడు నేనూ గింజలు పెట్టించుకున్నాను. గింజలు పెట్టేవాయన మొద్దుకొన ఉన్న సన్నటి పుల్లతో చెవి దొప్పంతా మెల్లగా తడుముతూ "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అని అడిగాడు. చురుక్కుమన్నచోటల్లా చర్మం రంగు టేపు, గోరు అంచంత ముక్క, మధ్యలో నల్లగింజ. ఆ పక్కకు తిరిగి పడుకుంటే మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు చాయ్ వచ్చింది, చాయ్ వెంట తలబ్ వచ్చింది. బొటనవేలు చెవి వెనక, చూపుడువేలు గింజ మీద పెట్టి నొక్కాను. కళ్లలో నీళ్లు తిరిగేంత కాదు గానీ, మనసు ఇంకోచోటికి పోనంత నొప్పి. 60 లెక్కపెట్టాను. పక్క గింజ, మళ్లీ 60. ఐదు గింజలూ అయ్యేసరికి చెవి పెనంలా కాలింది, అప్పులవాడు వెళ్లిపోయాడు. కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది.

అప్పుడు లెక్కేసుకున్నాను. రోజుకు 15 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు. రోజుకు 150 సార్లు ఈ చెయ్యి నోటిదాకా లేస్తోంది, ఏళ్ల తరబడి. మానేసిన రోజున నికోటిన్ పోతుంది సరే, ఆ చెయ్యికి ఏం పని చెబుతాం? గింజ దానికి పని చెప్పింది. ఐదు నిమిషాల పని. నా అంచనా ఏమంటే, చెవి నొక్కుడులో అసలు సరుకు ఇదే. పటంలో ఊపిరితిత్తి బిందువు ఎక్కడుందన్నది నాకు ముఖ్యం కాలేదు. వాకిట్లో తలుపు చప్పుడవుతున్నప్పుడు లోపల చేతికి పని దొరకడమే ముఖ్యమైంది.

తలబ్ అంతా నికోటిన్ లెక్కే కాదన్నది రంజాన్ నెల చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రోజుకు పెట్టెడు కాల్చేవాళ్లు కూడా రోజా పాటించినంత సేపు, దాదాపు 13, 14 గంటలు, సిగరెట్ ముట్టరు. మొదటి రోజుల్లో తలనొప్పి ఉంటుంది, తర్వాత గడిచిపోతుంది. గట్టి పట్టు పట్టేది ఇఫ్తార్ అయి, ఖర్జూరం తిని, చాయ్ చేతికొచ్చిన క్షణంలో. టెల్ అవీవ్‌లో 2010లో విమానాల్లో పనిచేసే పొగతాగే సిబ్బందిని పరిశీలిస్తే ఇలాంటిదే కనబడింది. చిన్న ప్రయాణమైనా పెద్దదైనా, తలబ్ పెరిగింది గంటలు గడిచినందుకు కాదు, విమానం దిగబోతున్నందుకు. నికోటిన్ లెక్క ఒక్కటే అయితే పది గంటల ప్రయాణంలో నాలుగో గంటకూ, నాలుగు గంటల ప్రయాణంలో నాలుగో గంటకూ ఒకే బాధ ఉండాలి. ఉండలేదు. ఇప్పుడు దొరుకుతుందన్న ఆశే సగం తలబ్. అందుకే రంజాన్‌లో మానాలనుకునేవాళ్లు పగలంతటి గురించి దిగులుపడనక్కర్లేదు. సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు తర్వాతి అరగంటకు ఏర్పాటు చేసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. గింజలు పెట్టుకున్నవాళ్లు వాటిని వాడాల్సింది అప్పుడే. నమాజుకు ముందు వజూలో తడి వేళ్లతో చెవులు తుడుచుకున్నప్పుడల్లా టేపు వదులవుతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి మార్చుకోవాలి.

గింజకు తన జాగ్రత్తలున్నాయి. చర్మం చితికినా, దద్దు లేచినా, చీము వాసన వచ్చినా వెంటనే తీసేయాలి. తమ్మె తప్ప చెవి దొప్ప అంతా మృదులాస్థి, దానికి రక్తప్రసరణ తక్కువ. చీము పడితే త్వరగా మానదు, చెవి ఆకారమే ముడుచుకుపోవచ్చు. అందుకే రోజుల తరబడి గుచ్చి ఉంచే సూదుల జోలికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, పోవద్దు. గర్భిణులు డాక్టర్ని అడగకుండా చేయించుకోకూడదు.

ఇక నిజంగా రుజువున్న సాయం గురించి. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు మానే అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. వరెనిక్లిన్ మాత్ర రెండు రెట్లు దాటిస్తుంది, దానికి డాక్టర్ చీటీ కావాలి. లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవాళ్ల అలవాటు గట్టిదని లెక్క, వాళ్లకు గమ్ 4 మిల్లీగ్రాములది. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా చప్పరించి నమిలితే కడుపులో వికారం తప్ప ఫలితముండదు. రెండు మూడుసార్లు కొరికి, ఘాటు రాగానే బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ కొరకాలి. జర్దా పాన్ తెలిసినవాళ్లకు బుగ్గన పెట్టడం నేర్పక్కర్లేదు. పాతబస్తీ వాళ్లు తప్పేది ఇంకోచోట. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ చాయ్ తాగకూడదు. తాగితే నికోటిన్ బుగ్గలోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు.

చాయ్ గురించి ఇంకొక సంగతి చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. పొగలోని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమ్‌ను వేగంగా పనిచేయిస్తాయి. సిగరెట్ మానగానే ఆ వేగం పడిపోతుంది. అప్పటిదాకా తాగిన ఆరు చాయ్‌లే తాగినా, కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండె దడ, వేళ్ల వణుకు, రాత్రి నిద్రలేమి. మనిషి ఇదంతా సిగరెట్ లేకే అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. మొదటి వారాల్లో చాయ్ సగం చేసుకుంటే ఈ దొంగదెబ్బ తప్పుతుంది. క్లోజపైన్, థియోఫిలిన్ లాంటి మందులు వాడేవాళ్లు మానే ముందు డాక్టర్‌కు చెప్పాలి, కారణం అదే ఎంజైమ్, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

2016-17 నాటి జాతీయ సర్వేలో పొగతాగేవాళ్లలో 38.5 శాతం మంది అంతకుముందు ఏడాదిలో ఒకసారైనా మానాలని ప్రయత్నించారు. మానాలని లేకపోవడం మన సమస్య కాదు. దంత కళాశాలల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు ఉండాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. ఉచితంగా ఫోన్‌లో సలహా ఇచ్చే నంబరు 1800-11-2356. 2018 సెప్టెంబర్ నుంచి ఇది ప్రతి సిగరెట్ పెట్టె మీదా అచ్చవుతోంది. కానీ పాతబస్తీలో పెట్టె కొనేవాడెవడు? అందరిదీ లూజు బేరం. పెట్టె పాన్ డబ్బా అతని దగ్గరే ఉంటుంది, నంబరూ అతని దగ్గరే ఉంటుంది, 85 శాతం కప్పేసిన పుండు బొమ్మా అతని దగ్గరే ఉంటుంది. తాగేవాడి చేతికి వచ్చేది తెల్లటి కాగితం చుట్ట ఒక్కటే.

నా గింజలు నాలుగో రోజు తలస్నానంలో ఊడిపోయాయి. మళ్లీ పెట్టించుకోలేదు. గమ్ మూడు నెలలు నమిలాను. ఇప్పటికీ పత్తర్‌గట్టీలో తాడు కొసన ఆ నిప్పు కనబడితే కుడిచెయ్యి లేస్తుంది. సగం దూరం నోటివైపు వచ్చి, అక్కణ్ణించి చెవి వైపు తిరుగుతుంది. గింజ లేని చెవినే ఒకసారి నొక్కి దిగుతుంది.